మెదడు పరిశోధనలో విదేశాలతో చేయి కలిపితే మనకేం ఒరుగుతుంది?

డబ్బు వాళ్లది, రోగులు మనవాళ్లు అనుకుంటాం గానీ, ఒక్కోసారి జవాబు మన దగ్గరే దొరుకుతుంది.

రెండు భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఆలస్యంగా వస్తుందా? పాశ్చాత్య దేశాల్లో రెండు భాషలవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లే. తేడా కనిపిస్తే భాష వల్లో, వలస వల్లో తేల్చడం కష్టం. ఒడిశా సరిహద్దులో ఉన్న మన ఇచ్ఛాపురం సంతలోనైతే బడి మొహం చూడని మామ్మ కూడా వంకాయలు తూస్తూ ఒకరితో తెలుగు, పక్కవాళ్లతో ఒడియా మాట్లాడేస్తుంది.

హైదరాబాద్ నిమ్స్ డాక్టర్లు బ్రిటన్‌లోని ఎడిన్‌బరో పరిశోధకులతో కలిసి 648 మంది డిమెన్షియా రోగుల రికార్డులు పరిశీలించారు. 2013లో వచ్చిన ఫలితం: రెండు భాషలవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువురానివాళ్లలోనూ ఆ తేడా ఉంది. అలాగని ఒడియా నేర్చుకుంటే జబ్బు రాదని కాదండోయ్!