గుండె చాప్టర్ అర్థమైతలేదని జీఎన్‌ఎం ఆపేస్తదట, ఏం చెయ్యాలె?

మిర్యాలగూడ నుంచి ఒక తండ్రి అడిగిండు. బిడ్డ ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు నల్లగొండల జీఎన్‌ఎం, అంటే నర్సింగ్ డిప్లొమా, రెండో ఏడు. మెడికల్ సర్జికల్ నర్సింగ్‌ల గుండె జబ్బుల యూనిట్ కాడికి వచ్చేసరికి బుక్ మూసి ఏడుస్తుందట, ఇంటర్నల్‌ల మార్కులు పోయినయట. ఇది బంద్ చేసి క్యాథ్ ల్యాబ్ (నాళంలకెల్లి సన్నని గొట్టం పంపి గుండెను చూసే గది) టెక్నీషియన్ డిప్లొమాల చేర్పియ్యమంటుంది, మా బావమరిది కూడా అదే మంచిదంటుండు, ఏం చెయ్యాలె సార్ అని.

అన్నా, బిడ్డ ఒక్క సంగతి సూస్కోలేదు. గుండె అర్థమైతలేదని నర్సింగ్ ఇడిసిపెట్టి క్యాథ్ ల్యాబ్‌కు పోతే అక్కడ పొద్దుగాల నుంచి పొద్దుమీకే దాకా గుండె తప్ప ఇంకోటి ఉండది! యాంజియోగ్రామ్, స్టెంట్, పేస్‌మేకర్, మొత్తం అదే. ఇప్పుడు భయపడే చాప్టర్ అక్కడ రెండేండ్ల కోర్సు అయితది. అందుకే ఆపకండి, మూడేండ్ల కోర్సుల సగం దాటింది.

నాకు తెలిసి తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లల ఇబ్బంది తెలివి కాదు, చదివే తీరు. బుక్‌ల యాంజైనా ఒక హెడ్డింగ్, హార్ట్ ఎటాక్ ఒక హెడ్డింగ్, స్ట్రోక్, అంటే పక్షవాతం, ఇంకో యూనిట్‌ల యాడనో ఉంటది, ప్రతి దానికి డెఫినిషన్, కారణాలు, లక్షణాలు, నర్సింగ్ కేర్ అని ఇరవై పాయింట్లు, ఈమె వాటిని ఇరవై వేరే వేరే జబ్బులనుకొని బట్టీ పడుతుంటది. అసలు సంగతి ఏందంటే అందులో సగానికి ఎక్కువ ఒక్కటే కథ, రక్తనాళం కథ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల 2019ల గుండె, రక్తనాళాల జబ్బులతోని దాదాపు 1.79 కోట్ల మంది చనిపోయిండ్రు, అందుల 85 శాతం హార్ట్ ఎటాక్, స్ట్రోకే. అంటే ఆ ఒక్క కథ సరిగ్గ వస్తే యూనిట్‌ల పెద్ద ముక్క వచ్చినట్టే.

మీ దిక్కు బత్తాయి తోటల డ్రిప్ పైపులు చూసే ఉంటది గదా, బోరు నీళ్ల ఉప్పు పేరుకొని ఏండ్లకేండ్లు మెల్లమెల్లగ సన్నగైతయి, ఏ చెట్టుకు నీళ్లు అందకపోతే ఆ చెట్టు వాడుతది. నాళంల కొవ్వు పేరుకునుడు దాదాపు అట్లనే. కానీ ఒక తేడా ఉంది, పరీక్షల అడిగేది కూడా అదే: కొవ్వు నాళం లోపల పైపైన కాదు, గోడ లోపల పేరుకుంటది, దాని మీద సన్నని పొర ఉంటది. ఆ పొర చిట్లిందనుకో, రక్తం అక్కడ గడ్డ కట్టి నిమిషాలలో దారి మూసుకుపోతది. అందుకే నిన్నటి దాకా పొలం పని చేసిన మనిషి ఇయ్యాల పడిపోతడు.

ఇగ పేర్లన్నీ ఆ నాళం ఎక్కడుందన్న దాన్ని బట్టి వస్తయి. గుండెకు రక్తమిచ్చే కరోనరీ నాళం సన్నగై, నడిస్తే నొప్పి వచ్చి కూసుంటే కొన్ని నిమిషాలకు తగ్గితే యాంజైనా. పూర్తిగ మూసుకుపోయి, కూసున్నా తగ్గకుండ ఇరవై నిమిషాలు దాటి గుంజుతుంటే హార్ట్ ఎటాక్ అనుకోవాలె. మెదడు నాళం మూసుకుంటే పక్షవాతం, కాలి నాళం అయితే నడిస్తే పిక్కలు పట్టేస్తయి. పక్షవాతంల ఒక సంగతి మాత్రం మర్చిపోవద్దు, నాళం మూసుకోనూ వచ్చు, పగలనూ వచ్చు, అందుకే సీటీ స్కాన్ తీయకుండ గడ్డ కరిగే సూది ఇయ్యరు, ఆ సూదికి టైమ్ కూడా మామూలుగ నాలుగున్నర గంటల లోపలనే. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవుడు కాదు, గుండె బలం తగ్గి దమ్ము రావుడు, కాళ్లు ఉబ్బుడు, పండుకుంటే ఊపిరి ఆడకపోవుడు, ఇది పైన చెప్పిన చాలా జబ్బులు చివరికి చేరే కాడ. ఈ నాళం కథకు సంబంధం లేనివి కొన్నున్నయి: పుట్టుకతోని వచ్చే రంధ్రాలు, చిన్నప్పుడు గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత వాల్వులు పాడయ్యే రుమాటిక్ జబ్బు. దానికి మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది ఏండ్ల తరబడి ఇస్తరు. వీటిని వేరే కాయితం మీద రాసుకొమ్మనండి.

రిస్క్ ఫ్యాక్టర్లు అయితే బట్టీ పట్టేదే లేదు. వయసు, మగా ఆడా, ఇంట్ల ముందు ఎవరికన్న వచ్చిందా, ఇవి మార్చలేనివి. బీపీ, షుగర్, బీడీ, గుట్కా, కొవ్వు, పని లేకుండ కూసునుడు, ఇవి మార్చగలిగేవి. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దంటరు, అంటే ఒక చిన్న చెంచా, మన మామిడికాయ తొక్కు కలుపుకొని తింటే అది పొద్దుగాలనే దాటిపోతది. ఇంట్ల తాత మీద, మీ మీద ఈ లిస్ట్ పెట్టి రాయమనండి, ఒక్కసారి రాస్తే మళ్ల మర్చిపోదు.

బీపీ చూసుడు కూడా ఇంటి కాడనే ప్రాక్టీస్ చెయ్యాలె. రష్ ఉన్న కాడ నడిచొచ్చిన మనిషిని నిలబెట్టి, అంగీ చెయ్యి మీదనే పట్టీ కట్టి, మాట్లాడుకుంట చూసేస్తుంటరు, అది లెక్కల పట్టే నంబర్ కాదు. ఐదు నిమిషాలు కూసోబెట్టాలె, వీపుకు ఆనుడు ఉండాలె, కాళ్లు నేల మీద, చెయ్యి గుండె ఎత్తున, అంతకు అరగంట ముందు చాయ్ గానీ బీడీ గానీ వద్దు. లావు చెయ్యికి చిన్న పట్టీ కడితే బీపీ లేకున్నా ఎక్కువ చూపెడతది. ఇంత వివరంగ ఎందుకు చెప్తున్ననంటే ప్రాక్టికల్స్‌ల మార్కులూ ఇక్కడనే, తర్వాత ఉద్యోగంల పేరూ ఇక్కడనే వస్తది.

ఇంకోటి, ఇది బుక్‌ల సరిగ్గ దొరకది. మన దిక్కు ఛాతీల నొప్పి అంటే ముందు గ్యాస్ అంటరు, సోడా తాగిస్తరు, జిందా తిలిస్మాత్ రాస్తరు, తెల్లారినంక చూద్దామంటరు. దేవరకొండ అవతల తండాల నుంచో అమ్రాబాద్ దిక్కు నుంచో మనిషి దవాఖానకు వచ్చేసరికి వైద్యానికి ముఖ్యమైన తొలి గంటలు పోయే ఉంటయి. వచ్చినంక పది నిమిషాల్లో ఈసీజీ తీయాలె, చాలా కాడ తీసేది నర్సే. మొదటి ఈసీజీ మామూలుగ వచ్చినా నొప్పి ఉంటే మళ్ల తీయాలె, గుండె కండరం దెబ్బతిన్నదా అని చూపెట్టే ట్రోపోనిన్ రక్త పరీక్ష చెయ్యాలె. షుగర్ ఉన్నోళ్లకు, ఆడోళ్లకు, ముసలోళ్లకు నొప్పి లేకుండనే చెమట్లు, దమ్ము, దవడ గుంజుడు, ఉత్త నీరసంతోని కూడా హార్ట్ ఎటాక్ రావచ్చు. "నొప్పి లేదంటుంది సార్, కానీ చెమట్లు పోస్తున్నయి" అని డాక్టర్‌కు చెప్పే నర్స్ ఉంటే ఒక పానం నిలుస్తది. ఇది మీ బిడ్డకు అర్థమైతే ఆ చాప్టర్ మీద కోపం పోతదని నా నమ్మకం.

చదువుడు ఎట్లా అంటే, ముందు బొమ్మ గీసి మీ ఆవిడకు తెలుగుల చెప్పమనండి, అమ్మకు అర్థమైనంక అదే ఇంగ్లీషుల ఐదు లైన్లు రాయమనండి. రోజుకు ఒక్క జబ్బు చాలు.

ఇగ మీ బావమరిది మాట. క్యాథ్ ల్యాబ్ చెడ్డ లైన్ కాదు, పని తెలిసినోళ్లకు గిరాకీ ఉంది, కానీ ఆ మెషిన్ ఉన్న కాడనే ఉద్యోగం, అంటే ఎక్కువ హైదరాబాద్, కొన్ని పెద్ద టౌన్లు. సీసం ఆప్రాన్ ఏసుకొని గంటలు నిలబడాలె, రాత్రి ఫోనొస్తే ఉరకాలె. నర్సుకు పీహెచ్‌సీ నుంచి విదేశం దాకా దారి ఉంది. సర్కారు దవాఖాన ఉద్యోగాలు నింపే ఎంహెచ్‌ఎస్‌ఆర్‌బీ బోర్డు స్టాఫ్ నర్స్ పరీక్ష రాయొచ్చు, రెండేండ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ చేయొచ్చు, గుండె మీదనే ఇష్టం పుడితే కార్డియాక్ ఐసీయూల, క్యాథ్ ల్యాబ్‌లనే నర్సుగ చేరొచ్చు. పేషెంట్లను ముట్టుకునుడే ఇష్టం లేదు, మెషిన్లే ఇష్టం అని బిడ్డ నోటితోని చెప్తే అప్పుడు నా సలహా వేరే, అది మాత్రం ఒకసారి కూసోబెట్టి నిమ్మలంగ అడగండి, మామ ముందర కాదు.

అప్పటికీ మారుతనంటే, రెండు పనులు చెయ్యకుండ అడుగు ఎయ్యొద్దు. కొత్త కాలేజీకి ఆ కోర్సుకే పారామెడికల్ బోర్డు పర్మిషన్ ఉందా, ఎన్ని సీట్లకు అన్నది బోర్డులనే కనుక్కోండి, ఏజెంట్ చూపిచ్చే కాయితం మీద కాదు. ఇప్పటి కాలేజీల మధ్యల ఆపితే మిగిలిన ఫీజు కట్టమంటరా, టెన్త్, ఇంటర్ ఒరిజినల్స్ ఎప్పుడిస్తరు అన్నది రాతపూర్వకంగ అడగండి, సర్టిఫికెట్లు చేతికి రాకముందు ఎక్కడా అడ్వాన్స్ కట్టకండి.