ఆఫ్రికా, ఆసియా దేశాల కళలు, మత సంప్రదాయాల గురించి తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఏ పుస్తకాలు చదవాలి, ఏ మ్యూజియంలు చూడాలి అని అడిగారు. పుస్తకాల సంగతి వేరేవాళ్లు చెబుతారు. నేను ఇథియోపియాలోని గోండర్‌లో మూడేళ్లు పాఠాలు చెప్పి వచ్చినవాణ్ణి. అప్పట్లో మన తెలుగు లెక్చరర్లు ఆ దేశంలో చాలామందే ఉండేవాళ్లు. నేను చెప్పగలిగేది అక్కడ చూసింది, తప్పుగా అర్థం చేసుకుని తర్వాత దిద్దుకుంది, అంతే.

నా సలహా ఒకటే. ఒక ఖండాన్నంతా నేర్చుకుందామని బయలుదేరకండి. ఒక పండగ పట్టుకోండి.

నాకు దొరికింది తిమ్‌కత్. యేసు బాప్తిస్మం పండగ, మామూలుగా జనవరి 19న వస్తుంది. ముందురోజు మధ్యాహ్నం నుంచే ఒక్కో చర్చి నుంచి తాబోత్ బయల్దేరుతుంది. మోషేకి దేవుడిచ్చిన పది ఆజ్ఞల పలకలకు అది ప్రతిరూపం. అది ఉంటేనే చర్చి, లేకపోతే ఉత్త కట్టడం. దాన్ని జరీబట్టల్లో చుట్టి ప్రీస్టు తలమీద పెట్టుకుని నడుస్తాడు. పైన రంగురంగుల గొడుగులు, ముందు డోళ్లు, చుట్టూ నెతెలా అనే తెల్లటి శాలువాలు కప్పుకున్న జనం. నీళ్ల దగ్గరికి తీసుకెళ్లి రాత్రంతా అక్కడే ఉంచుతారు. తెల్లారాక నీళ్లను ఆశీర్వదిస్తారు. గోండర్‌లో దీనికోసం ఫాసిలిదస్ రాజు పేరుమీద పెద్ద కొలను ఉంది. ఆశీర్వాదం అయిందో లేదో, కుర్రాళ్లు అందులోకి దూకేస్తారు.

గొడుగులు, ఊరేగింపు, కోనేరు... ఇంకేముంది, మన తెప్పోత్సవమే అనుకున్నాను. పక్కనున్న, అక్కడివాడే అయిన తోటి లెక్చరర్‌తో ఆ మాటే అన్నాను. అక్కడితో ఆగకుండా, ‘ఆ బట్టలో ఉన్నదాన్ని ఒక్కసారి చూడటానికి వీలవుతుందా?’ అని అడిగాను. అతను కాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘నేను చూడలేదు. మా అమ్మ కూడా చూడలేదు. చూడకూడదు’ అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మనం దర్శనం కోసం గంటల తరబడి క్యూలో నిలబడే మనుషులం. వాళ్లకు చూడకపోవడమే భక్తి. పైకి అంత దగ్గరగా ఉన్న రెండు ఊరేగింపుల లోపలి సంగతి పూర్తిగా తలకిందులు.

బొమ్మల దగ్గరా ఇదే జరిగింది. గోండర్‌లో దెబ్రె బెర్హాన్ సెలాసీ అని పాత చర్చి ఉంది. మన గుడిలాగే చెప్పులు బయట విప్పి వెళ్లాలి. పైకప్పు నిండా వరసలు వరసలుగా దేవదూతల ముఖాలు, పెద్ద పెద్ద కళ్లతో కిందికి చూస్తుంటాయి. గోడల మీద బైబిల్ కథలు. అక్కడి సంప్రదాయంలో మంచివాళ్లకు రెండు కళ్లూ కనిపించేలా వేస్తారు. చెడ్డవాళ్లను పక్కనుంచి, ఒంటికన్నుతో వేస్తారు. మాది హిందూపురం, చిన్నప్పటి నుంచి లేపాక్షి పైకప్పు బొమ్మలు చూసి పెరిగాను. అక్కడ దేవుళ్లూ దేవతలూ గుడి కట్టించిన విరూపణ్ణా చాలామట్టుకు పక్కకు తిరిగే ఉంటారు. గోండర్ లెక్కన చూస్తే మా ఊరి దేవుళ్లంతా విలన్లే! ఒక చోటి కొలబద్ద ఇంకోచోట పనికిరాదని అంతకుముందు ఎవరైనా చెప్పినా నా బుర్రకెక్కేది కాదేమో.

మ్యూజియంకి పండగ తర్వాతే వెళ్లండి. అడిస్ అబాబా యూనివర్సిటీలో, ఒకప్పటి హైలె సెలాసీ చక్రవర్తి ప్యాలెస్‌లో, ఒక మ్యూజియం ఉంది. అందులో వస్తువుల్ని జాతుల వారీగా కాకుండా పుట్టుక నుంచి చావు దాకా మనిషి బతుకు వరసలో పెట్టారు. నేను చూసిన మ్యూజియంలలో నాకు బాగా నచ్చిన పద్ధతి అదే.

ఇథియోపియాలో తోలుమీద మంత్రాలు రాసి, మధ్యలో కళ్లు గీసిన పొడవాటి చుట్టలుంటాయి. జబ్బు మనిషి ఎత్తు కొలిచి, అంత పొడవుకే రాస్తారు. అంటే తాయెత్తే, కానీ నిలువెత్తు తాయెత్తు. అద్దాల పెట్టెలో చూస్తే అది ‘పెయింటింగ్’. ఎత్తు సంగతి తెలిస్తే అందులో ఒక మనిషి కనిపిస్తాడు.

ఇంకో విచిత్రం. 1868లో మక్దలా కోట మీద దాడిచేసిన బ్రిటిష్ సైన్యం దోచుకెళ్లిన వాటిలో తాబోత్‌లూ ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియంలో 11 ఉన్నాయి. ప్రదర్శనకు పెట్టరు, సిబ్బందీ చూడరు. మ్యూజియం ఉన్నదే చూపించడానికి కదా!

తిండిని కూడా వదలకండి. అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. శాకాహారిని కాబట్టి వారంలో ఆ రెండు రోజులే నాకు హోటళ్లలో పండగ.

అంతదూరం వెళ్లలేకపోతే? హైదరాబాద్ ఏసీ గార్డ్స్ పేరు నిజాం గారి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందే. గుజరాత్‌లో ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు బావా గోర్ అనే అబిసీనియా సాధువు పేరున డోళ్లు వాయిస్తూ ఆడతారు. అబిసీనియా అంటే ఇథియోపియానే. అక్కడ మొదలుపెట్టినా మంచిదే.

గోండర్‌లో ‘చూడకూడదు’ అన్న ఆ లెక్చరర్ తర్వాత పీహెచ్‌డీకి విశాఖ, ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చాడు. ఒక సాయంత్రం బీచ్‌లో కూర్చుని సింహాచలం గురించి చెప్పాను. స్వామి ఏడాదంతా చందనంలోనే ఉంటాడనీ, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూప దర్శనమనీ.

‘మరి మిగతా రోజుల్లో వచ్చేవాళ్లు చూసేదేమిటి?’ అన్నాడు.

‘చందనాన్ని.’

‘మా జరీబట్టలాగే’ అని నవ్వాడు. ఆగు, అంత తొందరపడకు అన్నాను. అయితే చెప్పు, ఆ చందనం ఎవరు ఒలుస్తారు, ఒలిచేటప్పుడు ఏం చదువుతారు అని మొదలుపెట్టాడు. నాకు ఒక్కదానికీ జవాబు తెలీదు. మా అత్తగారిది విశాఖే. అక్కణ్ణుంచే ఆవిడకి ఫోన్ కలిపి, స్పీకర్ ఆన్ చేశాను.