గుండె లోపం, ఫిట్స్ ఉన్న పసిబిడ్డకు అర్ధరాత్రి ఎమర్జెన్సీ వస్తే?

ఊరు దేవరకొండ దగ్గర, పాపకు 7 నెలలు, గుండెలో లోపం, పైగా ఫిట్స్. రాత్రిపూట ఏమైనా అయితే ఎలా అని అడిగారు.

ముందు ఒక్క కాగితం తయారు చేసుకోండి. పాపను చూసే డాక్టరుతోనే రాయించండి: జబ్బు పేరు, మందులు, పడని మందులు, బరువు. పసిపిల్లల మోతాదులు ఎక్కువగా బరువు లెక్కనే కాబట్టి నెలనెలా తూచి పాత అంకె కొట్టేసి కొత్తది వేయండి. అన్నిటికన్నా ముఖ్యం, పాప రక్తంలో ఆక్సిజన్ మామూలుగా ఎంత శాతం ఉంటుందో. కొన్ని గుండె లోపాల్లో అది 80 శాతం చుట్టూ ఉండటమే ఆ బిడ్డకు మామూలు. ఆ సంగతి కొత్త డాక్టరుకు ఎలా తెలుస్తుంది?

కాగితం ఉయ్యాల పక్కన మేకుకు తగిలించి, ఫొటో నాయనమ్మ ఫోన్‌లో కూడా పెట్టండి. మీరు పనికి పోతే ఇంట్లో ఉండేది ఆమే కదా.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూస్తూ 108కి ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు, చెంచా ఏదీ వద్దు. చేతిలో తాళంచెవులు పెడితే ఒరిగేదేమీ లేదు. 5 నిమిషాలు దాటితే ఇమ్మని డాక్టరు ఏదైనా మందు రాసిచ్చి ఉంటే, అది ఎలా ఇవ్వాలో ముందే చేసి చూపించమనండి.

నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రికా, నేరుగా హైదరాబాద్ నీలోఫర్ పిల్లల ఆసుపత్రికా అన్నది కూడా ఆ కాగితంలోనే రాయించండి. అర్ధరాత్రి టెన్షన్‌లో తేల్చుకునే విషయం కాదది.