లుడ్విగ్ కోటల అప్పు స్టేట్ బడ్జెట్‌లో దొరకట్లేదు – సమాధానం

జర్మనీలోని బవేరియా రాజ్యాన్ని ఏలిన రెండో లుడ్విగ్ కోటల అప్పు లెక్క టేబుల్ వేస్తుంటే టాలీ అవ్వట్లేదని అడిగారు కదా. మీరు బవేరియా ఖజానా, రాజుగారి సొంత జేబు రెండూ కలిపేసినట్టున్నారు, అందుకే 1886 స్టేట్ బడ్జెట్ ఎంత తిరగేసినా ఆ అప్పు కనపడట్లేదు. ఇలా చేయండి:

1. నాయ్‌ష్వాన్‌స్టైన్, లిండర్‌హోఫ్, హెరెన్‌కీమ్‌జే, ఈ మూడు కోటల ఖర్చూ రెండో లుడ్విగ్ పర్సనల్ ఖాతాలో రాయండి. ఆ డబ్బు ఆయన రాజభరణం, అది చాలక తెచ్చిన అప్పులు.

2. చాలామంది వదిలేసేది ఇదే. జర్మనీలోని మరో రాజ్యమైన ప్రష్యా రాజుని జర్మన్ చక్రవర్తి చేద్దామని 1870లో లుడ్విగ్ లెటర్ మీద సంతకం పెట్టాడు కదా, ఆ తర్వాత ప్రష్యా ప్రధాని బిస్మార్క్ నుంచి గుట్టుగా డబ్బు అందేది, అది బవేరియా బడ్జెట్‌లో ఎక్కడా ఉండదు, ఇది కలపకపోతే మీ టేబుల్ జన్మలో టాలీ అవ్వదు.

3. 1886కి అప్పు సుమారు 1.4 కోట్ల మార్కులు. అయినా ఖర్చు ఆపలేదు మహానుభావుడు! లిండర్‌హోఫ్‌లో భోజనం బల్ల మొత్తం కింద వంటింట్లోకి దిగి వడ్డనతో పైకొచ్చేది, నౌకర్ల మొహం చూడక్కర్లేకుండా. చివరికి జూన్‌లో పిచ్చివాడని రిపోర్ట్ రాయించి దించేశారు, అదీ మానసిక వైద్యుడు డాక్టర్ గుడ్డెన్ ఆయన్ని పరీక్ష చేయకుండానే. 13న ఇద్దరూ స్టార్న్‌బర్గ్ సరస్సులో శవాలుగా దొరికారు.

4. ఆగస్టు నుంచే నాయ్‌ష్వాన్‌స్టైన్‌కి టికెట్ పెట్టారు. ఆ వసూళ్లు అప్పు తీర్చే కాలమ్‌లో వేసుకోండి.