లివెద్ కొండ దగ్గరికి వచ్చేసరికి మీ సంచుల్లో ఎన్ని నీళ్లుంటాయి?

నాన్నా,

శనివారం మీ నలుగురూ వేల్స్‌లోని స్నోడన్ హార్స్‌షూ, అదే స్నోడన్ కొండ మీదుగా గుర్రపు లాడంలా వంపు తిరిగే దారి, తిరగడానికి వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. నువ్వు మొన్న ఫోన్‌లో అడిగింది ఒక్కటే: ఆ దారిలోని క్రిబ్ గోఖ్ అనే రాతి అంచు నిజంగా అంత భయంగా ఉంటుందా అని. ఉంటుంది. కానీ నా టెన్షన్ అంతా దాని తర్వాతి దారి గురించే. అది ఫోన్‌లో చెబితే సగం నీ చెవిన పడదు, అందుకని కూర్చుని రాస్తున్నాను. మీ రూమ్మేట్లకి కూడా చదివి వినిపించు.

ముందు కొండ లెక్క చెబుతాను. పెన్ ఇ పాస్ దగ్గర మీరు కారు దిగే చోటే 359 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడినుంచి పిగ్ ట్రాక్ అనే కాలిబాట పట్టుకుని బుల్ఖ్ అ మోఖ్ అనే కనుమ దాకా వెళ్లాలి. వెల్ష్‌లో బుల్ఖ్ అంటే మన కనుమే. అక్కడ కుడివైపు నిటారుగా ఎక్కితే క్రిబ్ గోఖ్, 923 మీటర్లు. దాని తర్వాత గార్నెద్ ఉగైన్, 1,065. ఆ తర్వాత శిఖరం, 1,085. అదే స్నోడన్, వెల్ష్‌లో దాన్ని అర్ విద్వా అంటారు. ఆ మాటకి సమాధి అని అర్థం, రిటా అనే రాక్షసుణ్ణి అక్కడ పాతిపెట్టారని వాళ్ల కథ. శిఖరం నుంచి వాట్కిన్ దారిలో జారుడు రాళ్ల మీదుగా దిగి, మళ్లీ లివెద్ ఎక్కాలి, 898 మీటర్లు. అప్పుడు కిందికి, ఖ్లిన్ ఖ్లిదౌ చెరువు దగ్గరికి దిగి, మైనర్స్ ట్రాక్ మీద వెనక్కి. మొత్తం 12 కిలోమీటర్ల లోపే. హైదరాబాద్‌లో 12 కిలోమీటర్లు అంటే ఏముందిలే అనిపిస్తుంది. ఇక్కడ అది ఏడెనిమిది గంటల పని. ఎండ ఉంటే ఇంకా ఎక్కువ.

చూశావా, శిఖరం దగ్గర నడక అయిపోదు. లాడంలో అది నడుమ మాత్రమే. రెండో కొస లివెద్. అందరూ క్రిబ్ గోఖ్ కోసం ధైర్యం కూడగట్టుకుంటారు, శిఖరం మీద ఫోటోలు దిగి, పని అయిపోయిందనుకుంటారు. ఎండ దెబ్బ తీసేది ఆ తర్వాతే.

పన్నెండేళ్ల కిందట జూలైలో మీ పెదనాన్నకి అదే జరిగింది. మేం అప్పటికే నాలుగుసార్లు తిరిగిన దారి. ఆ రోజు గాలి లేదు, ఆకాశంలో మబ్బు తునక లేదు. తలకి రెండు లీటర్లు పట్టుకెళ్లాం. శిఖరం మీద జనం బారులు తీరి ఉన్నారు. ఆ వరసలో ఎండలో నిలబడి ఆయన తన నీళ్లన్నీ తాగేశారు. వాట్కిన్ దారిలో దిగుతుంటే మాట్లాడటం మానేశారు. మామూలుగా దారి పొడుగునా కబుర్లు చెప్పే మనిషి. నాకు అప్పుడే తెలియాలి, తెలియలేదు. లివెద్ సగం ఎక్కాక తొడల్లో కండరాలు పట్టేసి రాతి మీద కూర్చుండిపోయారు. ముఖం పాలిపోయి, వాంతి వస్తోందన్నారు. నా సీసాలో నాలుగు గుక్కలు మిగిలాయి. అటుగా వచ్చిన ఒక జంట తమ నీళ్లలో సగం మాకు పోసి, బండ నీడలో ఆయన్ని పడుకోబెట్టడానికి సాయం పట్టారు. రెండు గంటల్లో దిగాల్సిన దారి మాకు ఐదు గంటలు పట్టింది. వాళ్లు రాకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను.

మనది పల్నాడు, రెంటచింతల ఎండలు చూసినవాళ్లం, ఈ దేశపు ఎండ మనల్నేం చేస్తుందిలే అని నువ్వు అనుకుంటావు. మీ పెదనాన్నా అదే అన్నారు. కానీ ఆలోచించు. మన ఊళ్లో ఎండ ముదిరితే ఎవరైనా కొండ ఎక్కుతారా? పొలం పనికి తెల్లారకముందే వెళ్లి, పదింటికల్లా ఇల్లు చేరతారు. మజ్జిగ తాగి నీడపట్టున పడుకుంటారు. మనకి అలవాటైంది ఎండని తప్పించుకోవడం. ఇక్కడ నువ్వు మిట్టమధ్యాహ్నం, చెట్టు నీడ ఒక్కటి లేని చోట, ఆరు కిలోల సంచి మోస్తూ ఎక్కుతావు. పైగా పై గాలి చల్లగా తగులుతుంది. కింద 28 డిగ్రీలుంటే శిఖరం మీద 21, 22 ఉంటుంది. చెమట పట్టినట్టే తెలియదు, గాలి ఎప్పటికప్పుడు ఆరబెట్టేస్తుంది. ఒంట్లో నీళ్లు మాత్రం పోతూనే ఉంటాయి. 2022 జూలై 18న మా ఇంటికి దగ్గర్లోని హావర్డెన్‌లో 37.1 డిగ్రీలు వచ్చింది, వేల్స్ చరిత్రలోనే ఎక్కువ. అలాంటి హెచ్చరిక ఉన్న రోజైతే వెళ్లనే వద్దు. కొండ ఇంకో వారం కూడా అక్కడే ఉంటుంది.

నీళ్లు తలకి మూడు లీటర్లు, తగ్గించొద్దు. బయల్దేరేముందు కారు దగ్గర అర లీటరు తాగండి, అది ఈ మూడింటిలోకి రాదు. ఒక లీటరులో ఓఆర్‌ఎస్ కలుపుకోండి, లేదా నిమ్మకాయ, ఉప్పు, పంచదార. దాహం వేసేదాకా ఆగొద్దు, ఇరవై నిమిషాలకోసారి రెండు గుక్కలు. ఉత్త నీళ్లే తాగుతూ ఉప్పు లేకపోతే కండరాలు పట్టేయొచ్చు. తినడానికి పులిహోర కంటే మంచిది నాకు ఈ కొండ మీద ఇంకేం కనపడలేదు. పులుపు, ఉప్పు ఉంటాయి, నోరు ఎండిపోయినా దిగుతుంది. వేరుశనగ చిక్కీలు, చెగోడీలు పెట్టుకో. చాక్లెట్ కరిగిపోతుంది. శిఖరం పక్కన హవోడ్ ఎరరి అని భవనం ఉంది, తెరిచి ఉంటే నీళ్లు కొనుక్కోవచ్చు. కానీ దాన్ని నమ్ముకుని బయల్దేరొద్దు. దారిలో గ్లాస్లిన్ చెరువు నీళ్లు చూస్తే నోరూరుతుంది, నీలం పచ్చగా మెరుస్తుంటాయి. ఆ రంగు రాగి వల్లే. పక్కనే పాత రాగి గనులు. తాగొద్దు.

తెల్లవారుజామున ఐదున్నరకల్లా నడక మొదలుపెట్టండి. ఈ ఎండాకాలం రోజుల్లో ఐదింటికే వెలుతురు వస్తుంది. పెన్ ఇ పాస్ పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి, మర్చిపోవద్దు. పొద్దున్నే వెళ్తే ఎండ తప్పుతుంది, జనం కూడా తప్పుతారు. క్రిబ్ గోఖ్ మీద ముందువాళ్లు కదలక నువ్వు ఆగిపోతే, ఆ ఆగిన ప్రతి పది నిమిషాలూ నీ నీళ్లలోంచే పోతాయి.

ఇప్పుడు క్రిబ్ గోఖ్. పొలం గట్టు అంత వెడల్పు రాతి అంచు అనుకో. కుడివైపు నిలువుగా తెగిపోయి ఉంటుంది, ఎడమవైపు ఏటవాలు, అదీ తక్కువదేం కాదు. అంచు మీద నిలబడి నడవాలని చూడొద్దు. ఎడమవైపు కాస్త కిందగా కాళ్లు పెట్టి, అంచునే రెయిలింగ్ లాగా చేతులతో పట్టుకుని వెళ్లండి. చేతికర్రలు మడిచి సంచిలో పెట్టేయండి. నీళ్ల సీసా సంచి పక్క జేబులో ఉంటే వంగినప్పుడు జారిపోతుంది, లోపల పెట్టుకోండి. ఎక్కడం మొదలుపెట్టేముందు అరచేతులకి అంటిన సన్‌స్క్రీన్ బాగా తుడుచుకోవాలి, ఇది ఎవరూ చెప్పరు. నున్నగా అరిగిన రాయి మీద జిడ్డు చేయి నిలవదు. వెడల్పు అంచు టోపీ గాలికి ఎగిరితే నీ చేయి దానికోసం రాతిని వదిలేస్తుంది. తువ్వాలు తడిపి తలకి చుట్టుకో, మన రైతుల్లాగా. గాలి బలంగా ఉంటే, రాయి తడిగా ఉంటే క్రిబ్ గోఖ్ వద్దే వద్దు. బుల్ఖ్ అ మోఖ్ దగ్గర పిగ్ ట్రాక్ మీదే ఉండిపోతే చాలు, అదీ శిఖరానికే వెళ్తుంది. పైకి వెళ్లాక భయమేసి పక్కలకి దిగే దారి వెతకొద్దు. వెనక్కి అయినా వెళ్లాలి, ముందుకి అయినా వెళ్లాలి.

మీలో ఒకబ్బాయి భువనగిరి రాతి మీద శిక్షణ తీసుకున్నాడన్నావు. చాలా సంతోషం. మలావత్ పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కేముందు నేర్చుకున్నది ఆ రాతి మీదే. అతణ్ణి ముందు నడిపించి, నువ్వు చివర ఉండు, ఎత్తంటే భయపడేవాళ్లని మధ్యలో పెట్టండి. ఎవరైనా రానంటే బలవంతం చేయొద్దు. వాళ్లు పిగ్ ట్రాక్‌లో పైకి వచ్చి కలుస్తారు, కాకపోతే ఒంటరిగా పంపొద్దు, ఇద్దరిద్దరుగా విడిపోండి.

దారి తప్పకుండా ఒక గుర్తు. మీరు తిరిగే ఈ చుట్టంతా గ్లాస్లిన్, ఖ్లిదౌ చెరువులు ఎడమ చేతి వైపే ఉంటాయి. అవి కుడివైపుకి వచ్చాయంటే ఎక్కడో తప్పారు.

శిఖరం మీద ఫోటోలకి ముందు నలుగురూ సీసాలు బయటికి తీయండి. ఒక్కొక్కరి దగ్గర లీటరు నీళ్లు మిగలాలి. గంట పదకొండు దాటకూడదు. ఎవరికీ తలనొప్పి, కడుపులో తిప్పడం, కాలు తడబడటం ఉండకూడదు. ఎవరైనా ఉన్నట్టుండి మౌనంగా అయిపోయినా, ఊరికే చిరాకుపడుతున్నా అదీ లెక్కలోకే వస్తుంది. ఇందులో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా లివెద్ వైపు చూడొద్దు. శిఖరానికి కాస్త కిందున్న బుల్ఖ్ గ్లాస్ అనే కనుమ దాకా వెనక్కి వచ్చి పిగ్ ట్రాక్‌లో దిగిపోండి. శిఖరం దాకా వచ్చే రైలు ఉంది కదా అనుకోవద్దు, కింద తిరుగు టికెట్ కొన్నవాళ్లకే ముందు చోటిస్తారు.

అన్నీ బాగుంటేనే వాట్కిన్ దారి. మొదటి ముక్క చాలా ఏటవాలు, కాలి కింద రాళ్లు కదులుతాయి. అలసిన కాళ్లకి క్రిబ్ గోఖ్ కంటే అదే ప్రమాదం అని నా అభిప్రాయం. చేతికర్రలు అక్కడ తీయండి. ఒకరి నెత్తిన ఒకరు రాళ్లు దొర్లించకుండా ఎడంగా దిగండి. కింద ఆ దారి కుడివైపు నాంట్ గ్వినాంట్‌కి పోతుంది. పొరపాటున అటు దిగితే మీ కారుకి కొండ అవతల తేలతారు. లివెద్ మీద ఎడమవైపు మూడొందల మీటర్ల గోడ. 1924లో ఎవరెస్ట్ మీద కనిపించకుండా పోయిన మాలరీ కుర్రతనంలో ఎక్కిన గోడ అది. అంచుకి వెళ్లి చూడాలనిపిస్తుంది, కూర్చుని చూడు.

ఎవరికైనా వడదెబ్బ లక్షణాలు కనిపిస్తే నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, మెడ, చంకలు తడిపి విసరండి. పొంతన లేకుండా మాట్లాడుతుంటే ఆలోచించక్కర్లేదు, 999కి చేసి పోలీసుల్ని, తర్వాత మౌంటెన్ రెస్క్యూని అడగండి. మాట అందకపోతే మెసేజ్ వెళ్లొచ్చు. దానికోసం ఈ రాత్రే 999కి రిజిస్టర్ అని ఇంగ్లీషులో మెసేజ్ పెట్టి నమోదు చేసుకో. విజిల్ అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్లీ. వచ్చేవాళ్లంతా జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు, వాళ్ల ఇంటి పనులు వదిలేసి వస్తారు.

దిగాక ఖ్లిదౌ చెరువు చూసి ఒక్కసారిగా దూకొద్దు. ఎండాకాలంలో కూడా ఆ నీళ్లు మంచులా ఉంటాయి, కాలిన ఒంటితో దూకితే ఊపిరి పట్టేస్తుంది. కాళ్లు పెట్టుకుని, మొహం కడుక్కుని రండి. అక్కడినుంచి కారు దాకా దారి బండి బాటలా ఉంటుంది.

శిఖరం మీద సీసాలు చూసుకున్నాక నాకొక మెసేజ్ పెట్టు, లివెద్‌కా, వెనక్కా అని. వెనక్కి అని పెడితే నేను ఇంకా స్థిమితంగా ఉంటాను. కారు దగ్గర సిగ్నల్ అందకపోతే లాన్‌బెరిస్ వచ్చాక ఫోన్ చెయ్యి. సాయంత్రం నలుగురూ ఇటే రండి, పెరుగన్నం కలిపి ఉంచుతాను.

ప్రేమతో,
పెద్దమ్మ