ఇల్లు తాకట్టు పెట్టి పుట్టగొడుగుల్లో వాటానా?

ప్రశ్న: ఓరెగాన్‌లోని హిల్స్‌బరోలో ఉంటున్నాం. నాది హెచ్‌1బీ, గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నాను. పోర్ట్‌లాండ్‌లో సైలోసైబిన్ (మత్తు పుట్టగొడుగుల్లో ఉండే మందు) థెరపీ సెంటర్ నడిపే స్నేహితుడు 20% వాటా ఇస్తానంటున్నాడు. హోమ్ ఈక్విటీ లోన్ తీసి లక్షన్నర డాలర్లు పెడదామనుకుంటున్నాను. నెల ఖర్చు 6,800 డాలర్లు, బ్యాంకులో 9 వేలున్నాయి. లైసెన్స్ ఉన్న వ్యాపారమే కదా?

జవాబు: నా కళ్లు ఆ 9 వేల దగ్గరే ఆగిపోయాయండీ. అది మీకు నలభై రోజులొస్తుంది. ఉద్యోగం పోతే హెచ్‌1బీ వాళ్లకుండే గడువు మహా అయితే 60 రోజులు. గడువు కంటే ముందే డబ్బయిపోతుంది. దీని మీద ఇంకో అప్పా?

ఇక లైసెన్స్ సంగతి. ఓరెగాన్ ఓటర్లు 2020లో ఈ థెరపీని అనుమతించే మెజర్ 109కి ఓకే అన్నారు, 2023లో సెంటర్లు తెరిచారు. ఫెడరల్ చట్టంలో మాత్రం సైలోసైబిన్ షెడ్యూల్ 1 మత్తుమందే, అంటే అత్యంత కఠినంగా నిషేధించిన వర్గంలోదే. అందుకే ఫెడరల్ పన్ను చట్టంలోని 280ఈ సెక్షన్ మెడకు చుట్టుకుంటుంది: సరుకు ఖరీదు తప్ప అద్దె, జీతాలు ఖర్చుగా చూపడానికి లేదు. సెంటర్‌కి 3 లక్షలు వచ్చాయనుకోండి. సరుకు 20 వేలు, అద్దె, జీతాలు 2.6 లక్షలు పోతే మిగిలేది 20 వేలు. పన్ను 2.8 లక్షల మీద! అది మామూలు భాగస్వామ్య ఎల్‌ఎల్‌సీ (కంపెనీ ఆదాయం వాటాదారుల పన్ను లెక్కలోకే వచ్చే రకం) అయితే మీ చేతికి 4 వేలొస్తాయి, మీ రిటర్న్‌లో 56 వేల ఆదాయం పడుతుంది.

లైసెన్స్ ఫీజే ఏటా 10 వేల డాలర్లు. సరుకు ఇంటికి పట్టుకెళ్లనివ్వరు, ఫెసిలిటేటర్ (సెషన్ నడిపే శిక్షణ పొందిన మనిషి) ఎదుట గంటల తరబడి అక్కడే ఉండాలి. అంటే ఒక్కరి కోసం గది దాదాపు రోజంతా పోయినట్టే. ఇన్సూరెన్స్ రాదు కాబట్టి వచ్చేవాళ్లూ తక్కువే, కొన్ని సెంటర్లు ఇప్పటికే మూతపడ్డాయి. 2024 నవంబర్‌లో మరికొన్ని ఊళ్లు ఓటేసి మరీ వద్దన్నాయి.

ఇవన్నీ డబ్బు నష్టాలు. ఫెడరల్ నిషేధమున్న మందు వ్యాపారంలో వాటా అంటే గ్రీన్‌కార్డుకే ఎసరు రావచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా సంతకం పెట్టకండి.

ముందు ఆరు నెలల ఖర్చు, అంటే 40,800 డాలర్లు, సేవింగ్స్‌లో వేయండి. మీ వీసాకి నేనైతే తొమ్మిది నెలలంటాను. ఆ తర్వాతే 401కే (కంపెనీ ద్వారా వేసుకునే రిటైర్మెంట్ పొదుపు), ఇండెక్స్ ఫండ్లు. స్నేహితుడికి కాదని చెప్పడానికి మొహమాటమైతే లాయర్ వద్దన్నాడనండి. ఎలాగూ ఆయన అనబోయేది అదే.