నర్సరీ పెట్టబోయే అమ్మలుకు

అమ్మలూ,

ఉద్యోగం మానేసి రోడ్డు పక్క ఎకరంలో కొబ్బరి నర్సరీ పెడుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. మీ పెద్దమ్మ చేత రెండుసార్లు కాఫీ పెట్టించుకున్నాను. ఒకటి సంతోషానికి, ఒకటి భయానికి.

నీడ వలలు, నీళ్లు, మట్టి సంగతి నీకు తెలుసు. 2010లో నర్సరీల చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క మొక్కా అమ్మకు. ఎవరి దగ్గర కొన్నావో, ఎవరికి అమ్మావో పుస్తకంలో రాసిపెట్టుకో.

ఇక్కడి నుంచి మాత్రం కూర్చుని చదువు.

2017లో తమిళనాడులోని పొల్లాచ్చి నుంచి నలభై పొట్టి రకం కొబ్బరి మొక్కలు తెచ్చాను. ఆకుల రసం పీల్చే రూగోస్ సర్పిలాకార తెల్లదోమ మన దేశంలో మొదట కనిపించింది అక్కడే, అంతకు ముందు ఏడాదే. నాకు తెలియదు, తెలుసుకోనూ లేదు. ఆకుల అడుగున ముగ్గుపిండితో చుట్టలు గీసినట్టు కనిపిస్తే దారి దుమ్మనుకుని వేలితో తుడిచేశాను. నాలుగు నెలలకు తోటంతా మసి. దోమ విసర్జించే తీపి బంక కింది ఆకుల మీద పడితే దానిపై నల్ల బూజు పడుతుంది. గోడ అవతలి తాతగారి అరటి ఆకులు భోజనానికి కూడా పనికిరాకుండా పోయాయి.

పవర్ స్ప్రేయర్ అద్దెకు తెచ్చి ఆరుసార్లు మందు కొట్టించాను. మందే కొట్టని తాతగారి తోట మరుసటి ఏటికి తేరుకుంది, నాది తేరుకోలేదు. చూడటానికి వచ్చిన శాస్త్రవేత్త రెండు తోటల ఆకులూ తిరగేసి నా చేతికి భూతద్దం ఇచ్చాడు. తాతగారి ఆకు మీద నల్లబడిన దోమ పిల్లలు, ఒక్కో దాని వీపున గుండ్రటి చిల్లు. ఎన్‌కార్సియా అనే, కంటికి ఆనని కందిరీగ లోపల పెరిగి బయటికి వచ్చిన గుర్తు అది. నా ఆకు మీద వెతికితే ఒకటో రెండో. దోమను చంపే ఆ కందిరీగనే మందు కొట్టి, డబ్బిచ్చి మరీ చంపించుకున్నాను. నీకు అవసరం పడితే ముందు అంబాజీపేట పరిశోధనా స్థానానికి వెళ్లు. దోమను చంపే ఐసారియా శిలీంద్రం లీటరు నీటికి 5 గ్రాములు కలిపి, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి.

అసలు తప్పు ఇంకా చెప్పలేదు. మొక్కలెక్కడివని ఆ శాస్త్రవేత్త అడిగితే ఇక్కడివేనన్నాను. పీకేయమంటాడేమోనని భయం. విదేశీ పురుగులను ఆపే చట్టం 1914 నుంచీ ఉంది. కానీ నిజం చెప్పిన రైతు మొక్కలు పీకేసి చేతిలో రూపాయి పెట్టకపోతే ఎవరు నోరు విప్పుతారు? అధికారి కనిపించినప్పుడల్లా ఈ మాటే అడుగుతున్నాను. అయినా నువ్వు మాత్రం దాచకు. నాలాగా దాచావో, నీ గుమ్మం తొక్కను.

కొత్త మొక్కలు వస్తే నెల రోజులు వేరుగా ఉంచు. ప్రతి ఆకూ తిరగేసి చూడు. చిన్నప్పుడు నేను ఏరిన బియ్యంలో కూడా పురుగు పట్టేదానివి, ఆ కళ్లు నీకే ఉన్నాయి.

గోడ అవతలి తాతగారికి ఇప్పటికీ ఈ సంగతి తెలియదు. నువ్వు పండక్కి వస్తావుగా, తోడు రా. ఒక్కడినే వెళ్లి చెప్పలేకపోతున్నాను.

మీ పెదనాన్న